ఎండిన కాయ బరువెక్కిన ఏడాది

కోపం తగ్గాక రాయమని స్నేహితులు చెప్పారు. తగ్గుతుందేమోనని ఏడెనిమిదేళ్లు చూశాను. ఈలోగా ఉద్యోగం కూడా గడువుకు ముందే వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. అయినా ఇప్పటికీ ఏ దుకాణంలోనైనా ఎవరైనా కంప్యూటర్ మీద ఆ బూడిదరంగు క్యాలిక్యులేటరు తెరిచి టకటకా నొక్కుతుంటే నా మెడనరాలు బిగుసుకుంటాయి. అందుకని కోపంతోనే రాస్తున్నాను. కొత్తగా ఆఫీసుల్లో చేరి, తెరమీద కనబడిన అంకెను కాగితం మీదికి ఎక్కించి చేతులు దులుపుకునే పిల్లలు దీన్ని చదవాలని నా కోరిక. చదివి నన్ను తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ముందు నా సంగతి. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. మా నాయన గొర్రెలు మేపేవాడు. సాయంత్రం మంద దొడ్లోకి దూరుతుంటే ఒక్కొక్కటిగా కాక మూడేసి చొప్పున లెక్కపెట్టేవాడు. దుమ్ములో, అరుపుల్లో, ఒక్కటి కూడా పొరబడేవాడు కాదు. నాకు వచ్చిన లెక్క అంతా ఆ దొడ్డివాకిట నేర్చుకున్నదే. మిగిలింది పాత పుస్తకాల అంగట్లో కొన్న లాగరిథం పట్టికల పుస్తకం నేర్పింది. ఆ చదువుతోనే అనంతపురంలో పంటల లెక్కలు కట్టే ఒక ఆఫీసులో గుమాస్తాగా కుదిరాను.

మా పని చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. వేరుశనగ పీకే రోజుల్లో ప్రతి మండలంలో కొన్ని చేలను చీటీలు తీసినట్టు ఎంచుతారు. ఎంచిన చేలో తాడుతో అయిదు మీటర్ల చదరం కొలిచి, అందులోని చెట్లు పీకి, కాయలు తెంపి, సంచిలో వేసి తూస్తారు. అది పచ్చికాయ, సంచితో కలిపి. అందులో నుంచి సంచి బరువు తీసేయాలి. ఆ కాయలో కొంత తీసి ఎండబెట్టి మళ్లీ తూస్తే, కిలో పచ్చికాయ ఎండితే ఎంతవుతుందో తెలుస్తుంది. ఆ వంతుతో గుణిస్తే ఎండుకాయ దిగుబడి. ఒక తీసివేత, ఒక గుణకారం, అంతే. ఒక్కో చేనుకు ఒక్కో ఫారం. ఆ ఫారాలన్నీ మా గదికి వచ్చేవి. మేం కట్టిన లెక్కను బట్టి ఆ మండలంలో పంట పోయిందా, దక్కిందా అన్నది తేలేది. పోయిందని తేలితే నష్టపోయిన మండలాల జాబితాలో చేరుతుంది, రైతులకు సాయం వస్తుంది. లేకపోతే లేదు. మా జిల్లాలో ఆ జాబితా అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. పరీక్షల ఫలితాలకు కూడా జనం అంతగా ఎదురుచూడరు.

మా గదిలో ఇద్దరమే. నేనూ, నాకంటే పన్నెండేళ్లు పెద్దయిన ఇంకొక గుమాస్తా. ఆయన్ను అన్నా అనే పిలిచేవాణ్ణి. అన్న దగ్గర చేతి క్యాలిక్యులేటరు ఒకటి ఉండేది. దాని బటన్ల మీద అంకెలన్నీ అరిగిపోయి నున్నగా అయిపోయాయి. అయినా ఆయన చూడకుండా నొక్కేవాడు. ఫారం మీద కళ్లు, మిషన్ మీద వేళ్లు, నోట్లో వక్కపలుకు.

తొంభైల చివర్లో మా గదికి కంప్యూటరు వచ్చింది. దానికి ఒక గుడ్డ కప్పేవారు. గుడ్డ తీయడానికి అందరూ భయపడుతుంటే నేను తీశాను. మాన్యువల్ చదవడానికి ఇంగ్లీషు చాలదు, అందుకని ప్రతి బటనూ నొక్కి ఏమవుతుందో నోటుబుక్కులో రాసుకున్నాను. దాంతోపాటే వచ్చిన క్యాలిక్యులేటరులో రెండు రూపాలున్నాయని అలాగే కనిపెట్టాను. తెరవగానే కనబడేది చిన్నది, చేతి మిషన్ లాంటిదే. పైన మెనూలో నొక్కితే పెద్దది వస్తుంది, బోలెడు బటన్లతో. పెద్దదానిలో బ్రాకెట్లు ఉండేవి. బ్రాకెట్లంటే నాకు ప్రాణం. అప్పటినుంచి నేను పెద్దదే వాడేవాణ్ణి. ఒకసారి పెద్దది పెడితే, కంప్యూటరు ఆపి మళ్లీ వేసినా పెద్దదే తెరుచుకుంటుంది. అది నాకు సౌకర్యంగానే తోచింది.

ఇక్కడే పాపం పుట్టింది. చిన్నది మనం నొక్కిన వరుసలో లెక్క కడుతుంది. పెద్దది బడిలో అయ్యవారు చెప్పినట్టు ముందు గుణకారం చేసి తర్వాత కూడికా తీసివేతా చేస్తుంది. రెండూ తమ పద్ధతిలో తాము సరైనవే. ఒకటే పేరు, ఒకటే బొమ్మ, రెండు బుద్ధులు. తయారుచేసిన మహానుభావుడెవరో దాని ముఖం మీద ఆ సంగతి ఒక్క ముక్క రాసి ఉంటే ఆయన సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండువేలు దాటిన తొలి ఏళ్లలో ఒక కరువు ఏడాది. ఫారాలన్నీ దాదాపు అయిపోయాయి. ఒక మండలానివి మాత్రం పదహారు మిగిలాయి. ఆ మండలం పేరు రాయను. బంధువుల పెళ్లికని నేను రెండు రోజులు సెలవు పెట్టాను. పోతూ క్యాలిక్యులేటరును పెద్ద రూపంలోనే వదిలి వెళ్లాను. నేను లేనప్పుడు అన్న చేతి మిషన్లో గుణకారం బటను ఇరుక్కుపోయింది. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని పదహారు ఫారాలూ పూర్తిచేసి రిపోర్టులో చేర్చాడు. నేను తిరిగి వచ్చేసరికి రిపోర్టు పైకి వెళ్లిపోయింది.

ఇరవై రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఒకావిడ మా గది గుమ్మంలో నిలబడింది. యాభై దాటి ఉంటుంది. గార్లదిన్నెలో బస్సు మారి వచ్చిందట. చెప్పులు విడిచి లోపలికి రాలేదు, వేసుకునే వచ్చింది.

“ఏమప్పా, శెనక్కాయ లెక్కలు కట్టేది ఈడేనా?”

“ఈడేనమ్మా. ఏం కావల్ల?” అన్నాడు అన్న.

“నా సేన్లో రెండు కిలోల నూట అరవై గ్రాములు ఎండుకాయ వచ్చినట్ల రాసినారంట. మా మండలం ఆఫీసులో చదివి చెప్పినారు. అంత కాయ ఎవురు తిన్నారో కనుక్కుందామని వచ్చినా.”

అన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“నవ్వద్దు సామీ. మీ వాళ్లు తాడేసినప్పుడు నేను ఆడనే ఉంటి. చెట్లు పెరికింది నేను. కాయ తెంపింది నేనూ, నా కోడలూ. తక్కెట్లో ఏస్తే సంచితో కలిపి రెండు కిలోల నాలుగొందలు. సంచి నాలుగొందలు. తీసేస్తే ఎంత?”

“రెండు.”

“రెండు. అదీ పచ్చికాయ. మన్ను కూడా సరిగ్గా ఇదిలించలా. అది ఎండితే రెండు కిలోల నూట అరవై అయిందా? యాడన్నా ఎండితే బరువు తగ్గుతాది గాని, మీ ఆఫీసులో ఎండితే బరువెక్కుతాదా?”

నేను లేచి ఫారాల కట్ట విప్పాను. ఆమె చెప్పిన తూకం గ్రాము తేడా లేకుండా ఫారంలో ఉంది. రెండు పాయింటు నాలుగు. సంచి సున్నా పాయింటు నాలుగు. ఎండిన వంతు సున్నా పాయింటు ఆరు. రెండు కిలోల పచ్చికాయకు ఆరోవంతు కాదు, పదిలో ఆరు వంతులు: ఒకటి పాయింటు రెండు. కిలోన్నర కూడా కాదు. మరి రెండు పాయింటు ఒకటి ఆరు ఎక్కడిది?

నోటితో కట్టి చూశాను. సంచి బరువు నాలుగొందల గ్రాములను మాత్రం పదిలో ఆరుతో గుణిస్తే రెండువందల నలభై. దాన్ని రెండు కిలోల నాలుగొందలలోంచి తీసేస్తే రెండు కిలోల నూట అరవై. కాయను ఎండబెట్టలేదు. సంచిని ఎండబెట్టారు.

“అన్నా,” అన్నాను, “ఈ పదహారూ ఏ మిషన్ మీద కట్టినావు?”

“నాది చెడిపోయింది కదప్పా, కంప్యూటర్లోనే కట్టినా. ఎందుకు?”

“నొక్కింది ఎట్ల నొక్కినావు?”

“ఎప్పుడూ నొక్కేటట్లే. తూకం, తీసివేత, సంచి, గుణకారం, వంతు, ఈజీక్వల్టు.” అని నా ముఖం చూసి ఆగాడు. “బటన్లు శానా ఉండె. నువ్వేదో మేలైంది పెట్టినావనుకుంటి.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. నా మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకం మీద నాకు ఇప్పటికీ కోపం.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “తప్పు కనబడిందా?” అంది.

“కనబడిందక్కా.”

“అయితే దిద్దండి. నాకు ఎక్కువేం వద్దు. కాయ ఎంత పండిందో అంతే రాయండి. జాబితాలో మా మండలం చేరితే ఇత్తనకాయ దొరుకుతాది, ఎద్దుల్ని ఎట్లో అట్ల వానల దంకా నిలబెట్టుకుంటా. చేరకుంటే అమ్మల్ల. మేత యాడుంది? వాన పడేతలికి ఎద్దులు లేకుంటే సేనుండి ఏం ఫలం?”

ఆమె అడిగింది అంతే. రెండు ఎద్దులు ఆమె దొడ్లో ఉండాలంటే పదహారు అంకెలు మారాలి. దీనికంటే తేలికైన పని నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి మా అధికారి గదికి వెళ్లాను. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదయింది. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. సంగతంతా చెప్పాను. పదహారు చేలలోనూ ఎండిన కాయ పచ్చికాయ కంటే బరువుందని చెప్పాను.

“రిపోర్టు వెళ్లి ఇరవై రోజులైంది కదా. పైనుంచి ఎవరైనా అడిగారా?”

“లేదు సార్.”

“మరి మనమే ఎందుకు తవ్వుకోవడం?”

“తప్పు లెక్క సార్ అది.”

“తప్పని నువ్వంటున్నావు. అతనేం నొక్కాడో నువ్వు చూశావా? ఇప్పుడు నువ్వేం నొక్కావో నేను చూశానా? అదీ స్క్రీనే, ఇదీ స్క్రీనే. నొక్కిన తర్వాత ఏం మిగులుతుందయ్యా అక్కడ? ఆఖరి అంకె. రేపు పైవాళ్లు ‘మొదటిది తప్పు, రెండోది ఒప్పు అని ఏమిటి రుజువు’ అంటే ఏం చూపిస్తావు?”

“ఫారాలున్నాయి సార్. చేత్తో కట్టి చూపిస్తా.”

“ఏడుకొండలవాడి దయవల్ల ప్రభుత్వం మనకు కంప్యూటరిచ్చింది. చేత్తో కట్టడమేమిటి?” అని ఫైలు మూసేశాడు.

తలుపు దగ్గరికి వచ్చాక అర్థమైంది, ఆయన ఒక్క విషయంలో నిజం చెప్పాడు. ఆ క్యాలిక్యులేటరు ఏమీ మిగల్చదు. ఎవరు ఏ అంకె వేశారో, ఎక్కడ గుణించారో, ఎక్కడ తప్పారో దేన్నీ అట్టిపెట్టదు. మన చేతిలో ఒక అంకె పెట్టి, నన్ను నమ్ము అంటుంది. మనుషులు అలా మాట్లాడితే మనం నమ్మం.

నా సొరుగులో ఒక సీడీ ఉంది. బస్టాండు దగ్గర కొన్న కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చింది. అందులో వంద చిల్లర ప్రోగ్రాముల మధ్య ఒక క్యాలిక్యులేటరు ఉందని నాకు తెలుసు. ఇంటి దగ్గర ఒక స్నేహితుడి కంప్యూటరులో వేసి చూశాను కూడా. చూడ్డానికి అందంగా ఉండదు. తెరమీద ఒక తెల్ల కాగితపు చుట్ట ఉన్నట్టు ఉంటుంది. వేసిన ప్రతి అంకే ఒక వరుసలో పడుతుంది, దాని పక్కన గుర్తు పడుతుంది. ఆ అంకె ఏమిటో పక్కనే మాటల్లో రాసుకోవచ్చు. పై వరుసలో తప్పు వేశామని తర్వాత తెలిస్తే, ఆ వరుస దిద్దితే చాలు, కింద మొత్తం అదే సర్దుకుంటుంది. అచ్చు కూడా తీసుకోవచ్చు. లెక్క కట్టేవాడికి కావలసింది ఇదే. ఎవరైనా మొదటి కంప్యూటరులోనే ఇది పెట్టి ఇవ్వాల్సింది.

సీడీ వేసి ఎక్కించాను. అంతటితో ఆగితే అన్న రేపు మళ్లీ అలవాటుగా పాతదే తెరుస్తాడు. అందుకని పాత క్యాలిక్యులేటరు పేరు మార్చి పక్కకు నెట్టి, దాని పేరు కొత్తదానికి పెట్టి, దాని చోటనే కూర్చోబెట్టాను. ఇక ఎవరు ఎక్కడ నొక్కినా తెరుచుకునేది కొత్తదే. పది నిమిషాల పని. ధైర్యంతో చేసింది కాదు, ఒళ్లుమంటతో.

అన్న ఫారాలు పట్టుకుని చదివాడు. నేను వేశాను. వేసిన ప్రతి అంకెనూ నేను తిరిగి పైకి చదివితే ఆయన ఊఁ అనేవాడు. ఇది మా పాత పద్ధతి. కంప్యూటరు వచ్చాక అక్కర్లేదనుకుని మానేశాం. ఆమె బెంచీ మీద నుంచి లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. ఫారం మీద రైతు పేరు చదవగానే ఆమె నోరు ఊరుకోలేదు.

“వానిదా? ఆ సేన్లో కుక్క కూడా పండుకోదు. రాళ్లు గుచ్చుకుంటాయని.”

“పచ్చికాయ సంచితో ఒకటి పాయింటు తొమ్మిది,” అన్నాడు అన్న.

“ఒకటి పాయింటు తొమ్మిది,” అన్నాను.

“అది కూడా ఎక్కువే. మన్ను తూకినారేమో,” అంది ఆమె.

“అమ్మా, లెక్క తప్పుతాది, రవ్వంతసేపు ఊరుకో.”

“నేను ఊరుకున్నప్పుడే కదప్పా మీరు తప్పు కట్టింది.”

అన్న తర్వాతి ఫారం తీశాడు.

పదహారు ముక్కలు అచ్చు తీశాం. మా ప్రింటరు కీచుమని అరుస్తూ ఒక్కో చేను కథ ఒక్కో కాగితం మీద దించింది: పచ్చికాయ సంచితో ఇంత, సంచి ఇంత, మిగిలింది ఇంత, ఎండిన వంతు ఇంత, ఎండుకాయ ఇంత. బడికి పోయే పిల్ల కూడా వేలు పెట్టి చదువుకుంటూ కిందికి రావచ్చు. ఆమెకు చదువు రాదు. అయినా తన కాగితం అడిగి తీసుకుని, ఏ వరుస ఏమిటో నాచేత చెప్పించుకుని, కింది వరుస మీద బొటనవేలు ఆనించి, “ఇదీ నా కాయ,” అంది.

ఆ పదహారు కాగితాలకూ ఆమె పేరుతో ఒక అర్జీ జోడించాను. ఆమె వేలిముద్ర వేసింది. అధికారి దగ్గరికి తీసుకెళ్లలేదు. నేరుగా టపా తీసుకునే గదికి పంపి, ఇన్‌వార్డు నంబరు వేయించి, ముద్ర కొట్టించాను. ప్రభుత్వ ఆఫీసులో నంబరు పడిన కాగితాన్ని ఎవరూ చూడలేదని అనలేరు. పైకి పంపి తీరాలి.

సాయంత్రం అధికారి నన్ను పిలిపించాడు. కూర్చోమనలేదు.

“తెలివైనవాడివే.”

“లేదు సార్. తెలివైనవాణ్ణయితే మొదటే తప్పు జరిగేది కాదు.”

“ఆ అక్షరం ముక్క రాని ఆవిడ చేత అర్జీ రాయించింది నువ్వే కదా?”

“ఆమె చెప్పింది, నేను రాసినా సార్. తప్పు పట్టింది ఆమె. మన ఆఫీసులో ఇంతమంది ఉండి, ఎండినకాయ పచ్చికాయ కన్నా బరువుంటే ఒక్కరికీ కనబడలేదు.”

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు కొంచెం మెత్తగా, “నాకూ కనబడలేదు,” అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ను క్షమించేవాణ్ణి. ఎనిమిది రోజుల తర్వాత వచ్చిన మెమో మీద ఆయన సంతకం లేకపోయి ఉంటే.

మెమో నాకు వచ్చింది. ప్రభుత్వ కంప్యూటరుతో పాటు సరఫరా అయిన క్యాలిక్యులేటరును అనుమతి లేకుండా తొలగించి, బయటి ప్రోగ్రాము ఎక్కించినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో సంజాయిషీ చెప్పమని. రెండు పేజీలు. అందులో వైరస్ ప్రమాదం గురించి ఉంది, క్రమశిక్షణ గురించి ఉంది. పదహారు చేల గురించి ఒక్క మాట లేదు. తప్పు లెక్క పైకి పంపినందుకు ఎవరికీ మెమో రాలేదు. ఆ లెక్క సరిచేసిన సాధనానికి వచ్చింది. మెమోతోపాటు వచ్చిన ఆదేశం ప్రకారం నా చేతులతోనే కొత్తదాన్ని తీసేసి, పాతదాన్ని దాని చోట మళ్లీ కూర్చోబెట్టాను.

సవరించిన లెక్క మాత్రం పైకి వెళ్లింది. ఎలా వెళ్లిందో కూడా చెప్పాలి. కారణం అని ఉన్న చోట ‘టైపింగ్ పొరపాటు’ అని రాశారు. ఆ మాట చూసి నేను ఫైలును బల్ల మీద విసిరికొట్టాను. నా ఉద్యోగంలో నేను విసిరిన ఫైలు అదొక్కటే.

సంజాయిషీలో రెండు విషయాలు రాశాను. ఒకటి, అవును, అనుమతి లేకుండా ప్రోగ్రాము ఎక్కించాను. రెండు, క్యాలిక్యులేటరు రూపం మార్చి, ఎవరికీ చెప్పకుండా వదిలేసి సెలవు మీద వెళ్లింది నేనే; పదహారు లెక్కలు తప్పడానికి కారణం నేను. అధికారి చదివి రెండో విషయం మీద పెన్సిలుతో గీత గీశాడు.

“ఇది నిన్నడిగామా?”

“నిజం సార్.”

“నిజమే అనుకో. ఇది రికార్డులోకెక్కితే ఎంక్వయిరీ వస్తుంది. రూపం మార్చింది నువ్వు, చూసుకోకుండా కట్టింది ఆయన. మార్చిలో రిటైరవుతున్నాడు. పెన్షన్ కాగితాలు ఆగిపోతాయి. ఆలోచించుకో.”

వసారాలో అన్న నిలబడి ఉన్నాడు. ఆయన చొక్కా జేబులో ఆ పాడైపోయిన చేతి క్యాలిక్యులేటరు ఉంది. బాగు చేయించాలని రోజూ తెచ్చి, రోజూ తిరిగి తీసుకెళ్తున్నాడు.

లోపలికి వెళ్లి రెండో విషయం కొట్టేశాను. అన్న కోసమే అని అప్పుడు అనుకున్నాను. నిజాయితీగా లెక్క కడితే సగం నా కోసమే. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆగింది, అంతకంటే ఏమీ కాలేదు. అన్న మార్చిలో దండలు వేయించుకుని, మిక్చరు పొట్లం పట్టుకుని, పింఛనుతో ఇంటికి వెళ్లాడు.

అదనపు జాబితా ఎండాకాలం దాటి, తొలి వాన పడ్డ వారంలో వచ్చింది. ఆ మండలం పేరు అందులో ఉంది. జాబితా నకలు ఒకటి మడిచి జేబులో పెట్టుకుని నేను ఆ ఊరికి పోయాను. అలా పోవడం నా పని కాదు. ఎవరూ పంపలేదు. రోడ్డు మీద బస్సు దిగి అడిగితే చేను చూపించారు. ఆమె గట్టు మీద కూర్చుని గంపలో విత్తనాలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది.

“ఏమప్పా, ఇంత దూరం వస్తివి. మళ్లా ఏమన్నా బరువెక్కిందా?”

జాబితా సంగతి చెప్పాను. కాగితం తీసుకుని తిప్పి చూసింది. మండలం పేరు ఎక్కడుందో వేలితో చూపించాను. చాలాసేపు అక్కడే చూసింది.

“మంచిదేలే,” అంది. “వచ్చే ఏటికన్నా పనికొస్తాది.”

“ఎద్దులు?”

“ఉగాదికి ముందే తోలినాం సంతకు. మేత లేక డొక్కలు తేలినాయి. ఇంక నిలబెడితే కటికోనికే ఇయ్యాల్సొస్తుండె. సేద్యం చేసుకునేటోళ్లకే ఇచ్చినాం, అదొక్కటే మేలు. కొడుకూ కోడలూ బెంగుళూరు పోయినారు, బిల్డింగు పనికి. ట్రాక్టరు బాడిగకు తెచ్చి దున్నిస్తి.”

ఆమె కాగితం మడిచి కొంగుకు ముడేసుకుంది. తర్వాత, ఏదో పొద్దుపోక అడిగినట్టు అడిగింది.

“అవునుగాని, ఆ తప్పు ఎవురు చేసినారప్పా? నీ పక్కన కూర్చున్న ఆ పెద్దాయనేనా?”

ఆ చేలో మేమిద్దరమే. అధికారి లేడు, ఫైలు లేదు, ఎవరి పింఛనూ ఆగదు. నిజం చెప్పడానికి నాకు అడ్డం ఒక్కటీ లేదు.

“కాదక్కా. మిషన్,” అన్నాను.

“మిషనా! పోనీలే పాపం, దానికేం తెలుస్తాది,” అని చెంబులో నీళ్లు వంచి ఇచ్చింది.

తాగి, చెంబు తిరిగి ఇచ్చి, రోడ్డు మీదికి అడ్డదారిన ఆమె చేలోంచే నడిచాను. దున్నిన నేల ఇంకా తడిగా ఉంది. దాని మీద ట్రాక్టరు చక్రాల గుర్తులు ఒక కొస నుంచి ఇంకో కొసకు ఉన్నాయి. ఎద్దు గిట్ట గుర్తు ఒక్కటైనా కనబడుతుందేమోనని రోడ్డు చేరేదాకా నేల చూస్తూనే నడిచాను. ఒక్కటీ లేదు.